ఆముదం పొగ

చీపురుపల్లిలో మా ఎదురింటి ఏసుదానం జూట్‌మిల్లులో ఫిట్టరు పని మానేశాక, బొమ్మ విమానానికని అగ్గిపెట్టెంత ఇంజను సొంతంగా తయారుచేశాడు. స్పిరిటులో ఆముదం కలిపి దానికి పోస్తాడు. ఆ వాసన వస్తే చాలు, నేను వాళ్ళ అరుగు మీద ఉంటాను.

"ఏటిరా, ఇంజనుకి కడుపు కట్టేసినాదేటి?" అన్నానొకసారి.

నవ్వి, చమురు వదిలే సూదిమర చూపించాడు. "దీన్ని బిగిస్తే జోరెక్కుతాది పిన్నీ. మరీ బిగిస్తే ఆముదం అందదు, పొగ ఆగిపోయి సన్నగా కూస్తాది. ఆ కూత ఇనగానే వదులు సెయ్యాలి. లేపోతే పట్టేస్తాది. పనంతా సెవిలోనే ఉన్నాది."

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంజను తిప్పాడు. మర బిగించాడు. పొగ పలచబడింది, తర్వాత పూర్తిగా పోయింది. సన్నటి కూతకి నా పళ్ళు జివ్వుమన్నాయి. అతను ఇంకా బిగిస్తూనే ఉన్నాడు.

"ఒరే, పొగేదిరా? వదులు సెయ్యి" అని అరిచాను. తల తిప్పలేదు.

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య మెర్సీ ముఖం పాలిపోయింది. "ఈ మజ్జిన నాను పిలిసినా పలకట్లేదత్తా. అలిగాడనుకున్నాను" అంది.

ఇంజను కీచుమని బిగుసుకుపోయింది. ఏసుదానం ఆగిపోయిన పంకా రెక్కని చూశాడు. తర్వాత నా మొహంలోకి చూశాడు.

"కూసిందేటి పిన్నీ?" అనడిగాడు.