సుజాతకు వచ్చిన ఫోన్

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పడానికి నిమిషం కూడా పట్టలేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే రాయగలుగుతున్నాను.

మా చెల్లెలు సుజాత మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసింది, ఎక్కువ కాలం సరిహద్దు దగ్గరే. ఆ ఉద్యోగం ముగించుకుని చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చేసరికి సగం మనిషైంది. కుక్కర్ కూత వేస్తే చెవులు మూసుకునేది. ఉతికిన దుప్పటినే మళ్లీ ఉతికేది, రక్తం వాసన పోవడం లేదని. నేనేం చేశాను? మంచి సబ్బు తెచ్చిచ్చాను.

తనకేదో అయిందని ఆమెకే తెలిసింది. సైన్యంలో చేసి వచ్చిన ఆడవాళ్లు కొందరు ప్రతి ఆదివారం బర్కత్‌పురలో కలుసుకుంటారనీ, అక్కడికి మనసు డాక్టరు కూడా వస్తుందనీ విని వాళ్లకు ఉత్తరం రాసింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది కాబట్టి నా నంబరు ఇచ్చింది.

ఫోన్ వచ్చింది. ఆ సాయంత్రమే రాంనగర్ నుంచి పెళ్లివాళ్లు సుజాతను చూడటానికి వస్తున్నారు. నేను నారాయణగూడలో పూలూ మిఠాయిలూ కొంటున్నాను. అవతల ఒకావిడ ఎంతో మర్యాదగా సుజాతను అడిగింది, ఆదివారం రమ్మంది. ఈ డాక్టరు సంగతి పెళ్లివాళ్ల చెవిన పడితే? చెల్లెలికి నయమైపోయింది, ఢిల్లీ వెళ్లిపోయింది, ఇక చేయకండి అన్నాను. ఆ నంబరు బ్లాక్ చేశాను. చెల్లెలి మంచికే అనుకున్నాను. ఆమె మంచికేనా? లేక నలుగురిలో నా ముఖం చిన్నబోకుండానా? ఇన్నేళ్లు తిప్పి తిప్పి నన్ను నేనే ప్రశ్నించుకున్నా, నాకు నచ్చే జవాబు దొరకలేదు.

ఆ సంబంధం ఎలాగూ కుదరలేదు. పిల్ల బెదురుగా ఉందట.

సుజాత నెల రోజులు నా ఫోన్ వైపు చూసింది. చివరికి తనే ఒక సమాధానం చెప్పుకుంది. తుపాకి పట్టినదాన్ని కాదు, కట్లు కట్టినదాన్ని, వాళ్ల లెక్కలోకి రానేమో అంది. నేను ఊరుకున్నాను. అబద్ధం కంటే ఆ ఊరుకోవడమే పెద్ద తప్పు. సైన్యంలో వచ్చిన పతకాన్నీ, ఆఫీసరు హోదా బ్యాడ్జీలనూ పెట్టె అడుగున పెట్టేసింది. మళ్లీ ఎవరి సాయమూ అడగలేదు.

ఇప్పుడు మేమిద్దరం అశోక్‌నగర్‌లో కిరాయికి ఉంటున్నాం. పోయిన వారం, పోలీసు పరీక్షకు చదువుతున్న కింది వాటా అమ్మాయి పైకొచ్చి, మీరు ఆర్మీలో చేశారట కదా అని ఆశగా అడిగింది. సుజాత లేదంది.

ఇక తట్టుకోలేకపోయాను. ఆ అమ్మాయి వెళ్లగానే ఏడుస్తూ అంతా చెప్పేశాను. సుజాత ఏడవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఒక్కటే అడిగింది. "ఫోన్ల ఆమె నన్ను ఏమని అడిగిందక్కా?"

"కెప్టెన్ సుజాత గారున్నరా, అని."

ఆ మాటను తనలో తనే ఒకసారి అనుకుంది. లేచి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. ఆ నంబరుకు నేనే చేసి చూశాను, పనిచేయడం లేదు.

క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు. తనను పిలిచారని మాత్రం ఇప్పుడు ఆమెకు తెలుసు.