తొట్టిలో ముందే పడ్డ ఉప్పు

అత్తిమంజేరిపేటలో నూలుకు రంగులేసే చెంగల్వరాయుడికి ఒక జబ్బుంది: అనుమానం. పాలలో నీళ్ళు కలపకపోయినా గ్లాసు పైకెత్తి చూసే రకం. ఇరవై ఏళ్ళుగా ఆయన అనుమానించని మనిషి ఒక్కడే, తొట్టికి అవతల నిలబడి కర్రల మీద చిలపలు, అంటే నూలు చుట్టలు, తిప్పే ఎలుమలై. ఈసారి తమిళుల ఆడి నెలలో వాడి వంతూ వచ్చింది.

డైరెక్టు రంగు చెప్పుకోవడానికి సులువే. నూలుకు ముందుగా ఏ మందూ పట్టించక్కర్లేదు. రంగు కలిపిన వేడినీళ్ళలో చిలపలు ముంచితే చాలు, పట్టేస్తుంది. కిటుకంతా ఉప్పులో ఉంది. నూలు సమంగా తడిసి, రంగు కొంత ఎక్కాక, మూడు విడతలుగా వేయాలి. ముందే పడిందా, రంగంతా ఒక్కసారిగా నూలు మీదికి దూకి మచ్చలు కట్టేస్తుంది. ఆ ఉప్పు వేసే పని ఎలుమలైది.

తిరుత్తణి లుంగీల వ్యాపారి శోభన పెద్ద ఆర్డరు ఇచ్చిన వారమే మొదటి తొట్టి పాడైంది. మెరూన్ చిలపలు బొల్లి వచ్చినట్టు తేలాయి. రెండోదీ అంతే. మూడోది మరీ ఘోరం. పక్క షెడ్డులో పోటీగా రంగులేసే ధర్మలింగంతో ఎలుమలై టీ తాగడం చెంగల్వరాయుడు కళ్ళారా చూశాడాయె! ఇంకేం, దానికీ దీనికీ ముడిపెట్టేశాడు.

"ఆ ధర్మలింగం చెప్పినాడని ఉప్పు ముందే కొడతా ఉండావు గదరా?"

"నేనా? నీ చేతి కూడు తిన్నోణ్ణి అన్నా!"

"అట్లయితే కర్పూరం ఆర్పి సత్తియం చెయ్యి."

ఎలుమలై దేవుడి పటం దగ్గరున్న కర్పూరం బిళ్ళ తీసుకున్నాడు. అరచేతిలో కర్పూరం వెలిగించుకుని, "నేను చెయ్యలా" అని పిడికిలి మూసి ఆర్పేశాడు. మేకుకున్న చొక్కా తీసుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు కూడా చెంగల్వరాయుడికి, కావాలనే చిన్న బిళ్ళ తీసుకున్నాడేమోనని అనుమానం. ఛీ, ఏం మనిషండీ!

మర్నాడు ఒక్కడే తొట్టి పెట్టాడు. వేళ చూసుకుని ఉప్పు తన చేత్తోనే వేశాడు. మళ్ళీ మచ్చలే. అయితే ఎలుమలై కాదు, మరెవరు? ఆ మర్నాడు నీళ్ళలో రంగు కలిపి, కాగేలోపు, రోజూ ఇద్దరూ వెళ్ళే టిఫినుకే వెళ్తున్నట్టు బయటికి నడిచి, ఆరేసిన చిలపల వెనక నక్కాడు.

వచ్చింది భార్య దేవసేన. దోసిలి నిండా రాళ్ళుప్పు తీసి, మూడుసార్లు తొట్టికి తిప్పి నీళ్ళలో పోసింది. మళ్ళీ ఇంకో దోసిలి. మళ్ళీ ఇంకొకటి.

"ఏమే! ఏం చేస్తా ఉండావు?"

"దిష్టి తీస్తా ఉండా మామా. ఆర్డరు వచ్చినాక ఊరి కండ్లన్నీ మన మిందనే. దిష్టి ఉప్పు నీళ్ళల్లోనే గదా కరగాల? మచ్చలు పడేకొద్దీ దోసిళ్ళు పెంచతా వచ్చినా."

చెంగల్వరాయుడు తొట్టి కింద మంట ఆర్పేశాడు. సిగ్గుతో చచ్చిపోతూ ఎలుమలై ఇంటికి బండి తోలాడు. వాడి అరచేతికి గుడ్డ కట్టి ఉంది. చెంగల్వరాయుడు గడప బయటే నిలబడి జరిగిందంతా చెప్పాడు.

"తప్పయిపొయ్యింది రా. పనికి రా."

ఎలుమలై అంతా విన్నాడు. దేవసేన దోసిళ్ళ దగ్గర నవ్వాడు కూడా.

"వదిన మింద నాకేం కోపం లేదులే. నిన్ను ఒకటి అడగతానన్నా. నేను లేని దినం గూడా మచ్చలు పడినాయి గాబట్టి నువ్వొచ్చినావు. ఆ దినం వదిన ఊళ్ళో లేక, నూలు బాగా వచ్చుంటే?"

వచ్చి ఉండేవాడు కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చెంగల్వరాయుడు బండి తాళం చేతిలో తిప్పుతూ అక్కడే నిలబడిపోయాడు.