కొత్తపేట దగ్గర ఇరవై నిమిషాలు

నౌకాదళంలో నాది సరఫరాల విభాగం. పప్పు, డీజిల్, మరమేకులు, సబ్బులు ఏ రేవుకి ఏ వేళకి చేరాలో ఆ వేళకి చేరేలా చూడటం నా ఉద్యోగం. ఒకసారి నడిసముద్రంలో ఉన్న ఓడకి పుట్టినరోజు కేకు కూడా నలగకుండా చేర్పించాను. పై అధికారి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. కూతురికొచ్చిన ఉత్తరమని అమ్మ దాన్ని ఎల్బీనగర్ ఇంట్లో మరియమాత స్వరూపం పక్కన నిలబెట్టింది. రోజూ వెలిగించే కొవ్వొత్తి ఆ తల్లికో, ఆ ఉత్తరానికో నాకెప్పుడూ తేలలేదు.

అమ్మ నల్లగొండ పల్లెలో పుట్టిన కతోలిక మనిషి, రిటైరైన టీచరు. తెలంగాణ ఉద్యమం మొదలయ్యాక కొత్తపేటలో టెంటు వేస్తే వెళ్లి రిలే నిరాహారదీక్షలో కూర్చునేది. ఈస్టరుకి ముందు వచ్చే తపస్సుకాలంలో మాకు శుక్రవారాలు ఉపవాసం. "ఎట్లైన తిననుగద, గాడ కూసుంటే రెండిటికీ పనికొస్తది" అనేది. దేవుడు ఒప్పుకున్నాడో లేదో తెలియదు కానీ, టెంటువాళ్లు ఒప్పుకున్నారు.

పక్కింటి పిన్ని గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. సాయంత్రమైతే ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి రాష్ట్రాన్ని విడదీసేవారు, కలిపేవారు. చీకటి పడేలోపు కూర గిన్నెలు మార్చుకుని లోపలికి వెళ్లేవారు.

అమ్మ కడుపులో పుండు క్యాన్సర్ అని తేలాక, చివరికి ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. నేను విశాఖపట్నం నుంచి సెలవు మీద వచ్చాను. వచ్చిన నాలుగో రోజు బంద్. ఆ పొద్దున తొమ్మిదింటికి అమ్మ ఊపిరి తీరు మారింది.

"ఫాదర్‌ను తోల్కరా బిడ్డా. నూనె వెట్టించుకోని పోత."

"ఎటు పోతవే?"

"నీలెక్క ఓడెక్కి పోతనా? జల్ది పో."

మాలో మరణం దగ్గరపడినవారికి గురువు వచ్చి నుదుటికీ చేతులకీ అభిషేక తైలం రాస్తారు. క్రీస్తు శరీరమని మేం నమ్మే చిన్న అప్పాన్ని, సత్ప్రసాదాన్ని, నాలుక మీద ఉంచుతారు. అమ్మ రోజూ జపమాల ముగించి అడిగేది అదొక్కటే. ఇల్లు అడగలేదు, ఆరోగ్యం అడగలేదు, నాకు పెళ్లి కూడా అడగడం మానేసింది. సత్ప్రసాదం తీసుకుని పోవాలి, అంతే.

పిన్నిని అమ్మ దగ్గర కూర్చోబెట్టి స్కూటీ తీశాను. మా గుడి ఉన్న దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డు ఖాళీ. కోచింగ్ సెంటర్లకి తాళాలు, బస్సులు లేవు. కొత్తపేటలో మాత్రం కొందరు ఇటుకలు మోస్తున్నారు. అవి పొయ్యిరాళ్లని నాకు తట్టలేదు.

ఫాదర్‌గారిది కృష్ణా జిల్లా. తైలపు సీసా జేబులో వేసుకున్నారు, సత్ప్రసాదం ఉన్న చిన్న వెండి డబ్బీని తాడుతో మెడలో వేసుకుని చొక్కా లోపలికి జార్చారు.

"అమ్మా, ఇక దారిలో నన్ను పలకరించకండి. స్వామి నా దగ్గరున్నారు."

నాకు తెలుసు. అమ్మ వాళ్ల ఊళ్లో గురువు సత్ప్రసాదం తీసుకుని పోతుంటే ముందు ఊరికి జపాలు నేర్పే ఉపదేశి గంట వాయిస్తూ నడిచేవాడు, దారిలో ఎవరూ నోరు మెదిపేవారు కాదు. ఫాదర్‌గారు స్కూటీ వెనక కూర్చుని, మర్యాద కోసం మా ఇద్దరి మధ్య ఒక గుడ్డసంచి పెట్టారు.

తిరిగి వచ్చేసరికి కొత్తపేటలో రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు మండుతున్నాయి. వంటావార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి: నడిరోడ్డు మీద వండి, అక్కడే తిని, దారి బంద్ చేయడం. మార్కెట్ నుంచి బత్తాయి వాసన, డేగిసాల్లోంచి పప్పు వాసన. పక్క గల్లీల్లోంచి పోవచ్చు. కానీ నాకు సముద్రంలో దారి తెలుసు, కొత్తపేట గల్లీలు తెలియవు.

"యాడికక్కా?" అన్నాడు కండువా వేసుకున్న ఒకాయన.

"మా అమ్మకు సీరియస్‌గుందన్నా. ఫాదర్‌ను తోల్కవోతున్న."

"అయ్యో, పోదురు. జర జై తెలంగాణ అనుండ్రి సార్, పోనిస్తం."

ఫాదర్‌గారు తల వంచుకుని కూర్చున్నారు.

"ఏ ఊరు సార్ మీది?"

మౌనం.

"ఏందక్కా, సార్ మూగాయననా? లేకుంటే ఆంధ్రాయననా?"

"ఆయన దగ్గర దేవుడున్నడన్నా. దేవుణ్ణి తీస్కపోయేటప్పుడు మా మతంల మాట్లాడరు."

"మా గుళ్లె పంతులు దేవుని ముంగటనే ఫోన్ మాట్లాడ్తడు గదక్కా" అన్నాడు ఇంకొకాయన. నలుగురు నవ్వారు. చెడ్డవాళ్లేం కాదు. ఒకరు ఫాదర్‌గారికి కుర్చీ కూడా తెచ్చి వేశారు.

"సరే, ఆయన తరఫున నువ్వను. నువ్వు మనోల్లేనాయె, మాట తెలుస్తనే ఉంది."

రెండు మాటలు. మా అమ్మ టెంటు కింద గొంతు పోయేలా అరిచిన మాటలే. కానీ యూనిఫాంలో ఉన్నా లేకున్నా మేం రాజకీయ నినాదాలు చేయకూడదు. ఆ నియమం కింద పదేళ్ల కిందట సంతకం పెట్టాను.

"నేను అనొద్దన్నా. నేవీల చేస్త."

"నేవీనా? గది వైజాగ్‌ల ఉంటది గద!" అన్నాడాయన, కేసు తేలిపోయినట్టు.

గుర్తింపు కార్డు చూపించాను. దాని మీద చర్చ జరిగింది. ఎవరో పెద్దమనిషిని పిలుచుకొస్తామని వెళ్లారు. ఆ రెండు మాటలూ నా నోటి దాకా వచ్చాయి. పెదవి దాటలేదు. క్రమశిక్షణ మంచి అలవాటు.

చివరికి, ఇరవై నిమిషాలయ్యాక, డేగిసా దగ్గర గరిటె తిప్పుతున్న ఒక ముసలామె నన్ను చూస్తూ దగ్గరికొచ్చింది.

"ఓరి మీ పాడుగాను, గీమె మన టీచరమ్మ బిడ్డరా! టీచరమ్మకేనా బిడ్డా బాగలేంది?"

అంతే. కండువా ఆయన కాలే ఇటుకని చేత్తోనే పక్కకి తోశాడు. ఇద్దరు బైకెక్కి మా ముందు బయల్దేరారు. దారిలో జనం తప్పుకోవాలని, ఎల్బీనగర్ దాకా "జై తెలంగాణ" అని అరుస్తూనే ఉన్నారు. వెనక ఫాదర్‌గారు అలాగే తల వంచుకుని ఉన్నారు. ఉపదేశి గంట గుర్తొచ్చింది.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో అమ్మ జపమాల.

"ఇప్పుడేనమ్మా. పది నిమిషాలు కూడా కాలేదు. వచ్చిండా, వచ్చిండా అని రెండుసార్లు అడిగింది. వస్తున్నారొదినా అన్నాను. నాకా జపం రాదు కదా, తను చెప్పలేకపోతుంటే ఊరికే పూసలు జరుపుతూ కూర్చున్నా."

ఫాదర్‌గారు లోపలికెళ్లి మోకరించారు. అంతసేపటి తర్వాత ఆయన నోటివెంట మొదట వచ్చిన మాట: "ప్రాణం ఇంకా ఉన్నట్లయితే." అనుమానం ఉన్నచోట మా కతోలిక సభ ఆ షరతు మీద తైలం రాయనిస్తుంది. నుదుటికీ చేతులకీ రాశారు. సత్ప్రసాదానికి షరతులుండవు. మింగేవాళ్లుండాలి. వెండి డబ్బీ తెరవకుండానే మళ్లీ చొక్కాలో వేసుకున్నారు.

దాన్ని గుడికి చేర్చాలి కాబట్టి పిన్నిని అమ్మ దగ్గరే ఉండమని మళ్లీ స్కూటీ తీశాను. మళ్లీ మౌనం. కొత్తపేటలో ఈసారి దారి తీసే ఉంది. కండువా ఆయన రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు, చేతికి గుడ్డ చుట్టుకుని.

"టీచరమ్మకు అందిందా అక్కా?"

"అందిందన్నా."

"దేవుని దయ" అన్నాడు. ఆయన ముఖం తేలికపడింది. వెనక ఫాదర్‌గారు కదిలారు కానీ పలకలేదు.

సమాధి కార్యక్రమానికి కండువా ఆయనా వచ్చాడు, పెట్టె మోశాడు.

సెలవు అయిపోయే ముందు శనివారం ఫాదర్‌గారి దగ్గరే, తెర ఇవతల మోకరించి చేసిన పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం చేశాను. అబద్ధం చెప్పానన్నాను. విన్నవారికే మళ్లీ చెప్పడం కొంచెం ఇబ్బందే. తర్వాత, ఆ రెండు మాటలు అనలేదని చెప్పాను.

తెర అవతల ఫాదర్‌గారు ముందుకు వంగారు.

"అది పాపం కాదమ్మా" అన్నారు. "నేనూ నోరు తెరవలేదు కదా. తెరిస్తే స్వామి కాదనేవారా?"

అబద్ధానికి ప్రాయశ్చిత్తంగా మరియమాతకి మూడు మంగళవార్త జపాలు చెప్పమన్నారు. పాపం కానిదానికి పాపవిమోచనం ఉండదు కాబట్టి, రెండోదానికి ఏమీ ఇవ్వలేదు. ఇంటికొచ్చి, మరియమాత పక్కనున్న పై అధికారి ఉత్తరం తీసి బీరువాలో పెట్టి, మూడు జపాలూ చెప్పాను. రెండు నిమిషాల్లో అయిపోయాయి.