గొంతు మాత్రమే వచ్చిన డిస్కు

మనిషి కంటే ముందు సత్తు బేసిను చప్పుడు వచ్చేది. ఎండుచేపల పక్కన ఇనప తక్కెడ కదిలి, బందరు సందుల్లో గలగలమనేది. ఆ వెనకే మహాలక్ష్మమ్మ. మంగినపూడి దగ్గర పల్లె ఆమెది. ఒక్కగానొక్క కొడుకు అయ్యప్ప వేటకెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

ఇంట్లో వాడి ఫొటో ఒక్కటే, బడిలో తీసింది. మీసాలొచ్చిన అయ్యప్ప మిగిలింది ఒక్కచోటే: డిష్షుల మెకానిక్ మోషే దుకాణంలో, కొత్తగా వచ్చిన హెచ్‌డీ పెట్టెలో. వాడు పోకముందు చేపల వేటగాళ్ళ మీద టీవీలో ఏదో కార్యక్రమం వస్తే, అందులో వాడున్నాడని మోషే రికార్డు చేసి ఉంచాడు. బేరాలయ్యాక ఆమె అక్కడ కూర్చుని, తెర మీద కొడుకు వల సర్దుకోవడం చూసి ఇంటికి వెళ్ళేది.

"ఆ బొమ్మ డిస్కులో ఎక్కించి ఇవ్వరా అబ్బాయ్. పక్కింటోళ్ళ టీవీలో చూసుకుంటా."

పెట్టెకు బొమ్మ వచ్చే పసుపు వైరు పెట్టే చోటు ఉప్పుగాలికి తుప్పుపట్టింది. మోషే కొత్త టీవీలకు పెట్టే హెచ్‌డీఎంఐ వైరునే కాపీ తీసే మిషను మీదుగా కంప్యూటరుకు కలిపాడు. తెర నల్లబడింది.

"రావట్లేదత్తా. అవతల ఉన్నదెవరని ఈ పెట్టె అడుగుద్ది. టీవీ అయితే బొమ్మ ఇస్తుంది, కాపీ తీసే మిషనైతే ఇవ్వదు. సినిమాలు దొంగిలించకుండా తాళమేశారు."

"ఓరి నీ పెట్టె పాడుగాను! కన్నది నేను. నా కొడుకు మొహం నేను దొంగిలిస్తానంటుందా?"

"నువ్వు కన్నావని దానికెట్టా తెలుస్తుందత్తా?"

ఇద్దరూ నవ్వారు. ముందు ఆమె నవ్వు ఆగిపోయింది.

మాట వచ్చే వైర్లు వేరు. వాటికి తాళం లేదు. గొంతు డిస్కులోకి ఎక్కింది. రేపు కెమెరా అరువు తెచ్చి, బొమ్మను తెర మీంచే తీస్తానన్నాడు మోషే. ఆ సాయంత్రమే దుకాణం మీద పిడుగు పడింది. పెట్టె మాడిపోయింది, అందులో ఉన్న అయ్యప్పతో సహా.

ఇప్పుడు పక్కింట్లో ఆ డిస్కు వేస్తే తెర అమావాస్య నీళ్ళలా ఉంటుంది. ఆ నలుపులోంచి అయ్యప్ప మాట్లాడతాడు: "మా అమ్మ పులుసులో ఉప్పెయ్యదండీ. అడిగితే, చేప సముద్రంలోంచేగా వచ్చింది అంటుంది." ఆ తర్వాత కాసేపు గాలి హోరు.

ఆమె దగ్గర ఎండుచేపలు కొనే బందరు వాళ్ళం, ఓసారి చూసిపోదామని వెళ్ళాం. వెళ్ళొస్తామని లేస్తుంటే ఆమె డిస్కును మళ్ళీ ఆ హోరు దగ్గరికే తిప్పించింది.

"ఇక్కడ వాడు మాట్లాడడండీ. నవ్వినట్టే గుర్తు నాకు. ఈమధ్య ఎంత తలుచుకున్నా ఆ నవ్వు కళ్ళలోకి రావట్లేదు. మీరూ వినండి... నవ్వే ఉంటాడు కదండీ?"