పాదువాపురి ఆయన

సాయంత్రం మా విచారణ చర్చి వాట్సాప్ గ్రూపులో పాదువాపురి పునీత అంతోనివారి ఫొటో వచ్చింది. ఒక చేతిలో లిల్లీ పువ్వు, ఇంకో చేతిలో బాలయేసు. రేపటి నుంచి నవదిన ప్రార్థనలట, జూన్ పదమూడున పండుగట. చూడగానే నాకు భక్తి కలగలేదు, విసుగొచ్చింది. ఆ పునీతుడి మీద కాదు. ఆయన మంచివాడే, పోయిన వస్తువులు వెతికిపెడతాడని లోకమంతా ఆయన్నే అడుగుతుంది. నా విసుగంతా మా అవ్వ మీద. అవ్వంటే మా ఆయనకు నాయనమ్మ. ఇబ్రహీంపట్నంలోని మా ఇంట్లో కళ్లద్దాలు, తాళంచెవులు, జపమాల పోగొట్టేది ఆమె. వాటి కోసం అంతోనివారికి మొక్కాల్సింది మాత్రం నేను.

ఎందుకంటే చనిపోయిన తాత పేరు కూడా అంతోనే. అవ్వ పుట్టకముందే వాళ్ల ఇల్లు క్రైస్తవంలోకి వచ్చింది గానీ, మొగుడి పేరు నోటితో పలకకూడదన్న పట్టింపు మాత్రం అలాగే ఉండిపోయింది. తాత పోయి ఏళ్లు గడిచినా ఆమె ఆ పేరు ఎత్తేది కాదు. గుడిలో పునీతుల ప్రార్థన చదువుతుంటే అందరి పేర్లూ కప్పు ఎగిరిపోయేలా పలికి, అంతోనివారి దగ్గరికి రాగానే దగ్గేది. ప్రతిసారీ సరిగ్గా అక్కడే వచ్చే ఆ దగ్గు చూసి, పాపం, కొత్తగా వచ్చిన ఫాదర్ మందుబిళ్లలు కూడా పంపించాడు. ఇంట్లో అయితే, నేను పొయ్యి మీద పప్పు మాడకుండా చూసుకుంటున్న సమయానికే కేక వచ్చేది. “ఓ పిల్లా, నా కండ్లద్దాలు కనవడ్తలేవు. జర ఆయనకు చెప్పు.” నువ్వే చెప్పుకోవచ్చు గదా అవ్వా అంటే, “డిగ్రీ చదివినవ్, గిది తెల్వదా?” అని నన్నే దెప్పేది. గరిటె పట్టుకునే ప్రార్థన చెప్పేదాన్ని. కళ్లద్దాలు ఆమె నెత్తి మీదే ఉండేవి.

ఇంత పట్టింపు ఉన్న మనిషి, నా కొడుకు పుట్టినప్పుడు వాడికి తాత పేరే పెట్టాలని అన్నం మానేసి కూర్చుంది. నేను ఏడాది ముందు నుంచీ అనుకున్న పేరు గాలికి పోయింది. “మరి వాణ్ణి నువ్వెట్ల పిలుస్తవ్ అవ్వా?” అని అడిగితే, “పిలిచేటందుకు మీరందరు లేరా?” అంది. అలా నా కొడుకు ఆమెకు “ఓ పిలగా” అయ్యాడు. వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అంతోనివారి చరిత్ర చెప్పేది, అందులోనూ పేరుండదు. మనుషులు వినకపోతే ఆయన నీళ్ల ఒడ్డుకు పోయి చేపలకు బోధించడం, చేపలు తలలెత్తి వినడం, ఆయన ప్రార్థన పుస్తకం దొంగిలించినవాడు భయపడి తెచ్చివ్వడం, అన్నీ “ఆయన” కథలే. ఆమె చెబుతుంటే ఆ నీళ్లు అచ్చంగా మా ఇబ్రహీంపట్నం చెరువులాగే ఉండేవి. ఒకరోజు వాడు నా దగ్గరికొచ్చి, “అమ్మా, తాత చేపలకు ఏం చెప్పిండు?” అని అడిగాడు. ఏ ఆయన ఎవరో వాడికి విడదీసి చెప్పేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

వాడికి నాలుగేళ్లప్పుడు మంచాల మండలం వైపు ఒక పల్లెలో జరిగే అంతోనివారి పండుగకు ముగ్గురం బస్సులో వెళ్లాం. జనంలోకి వెళ్లాలంటే నాకు భయం. వాడి చొక్కా జేబులో మా ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టి పిన్నీసు కూడా గుచ్చాను. జలుబుతో నా గొంతు గట్టిగా అరవలేనంతగా పూడుకుపోయి ఉంది. తేరు కదులుతుండగా కొవ్వొత్తి వెలిగించి వస్తానని వాడి చెయ్యి అవ్వ చేతికిచ్చి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అవ్వ ఒక్కతే నిలబడి ఉంది.

“పిలగాడేడి?”

“గిప్పుడే ఈడనే ఉండె. పిలిచిన. ఓ పిలగా అంటే ఊళ్లె పోరగాండ్లందరు తిరిగి చూసిన్రు, మనోడు తప్ప.”

పక్కనే రోడ్డు, దాని అవతల ఒక బావి ఉన్నాయి. వాడి పేరు పెట్టి అరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. అవ్వ గొంతైతే పొలం ఈ గట్టున పిలిస్తే ఆ గట్టున పలుకుతుంది. “నువ్వు పిలువవ్వా! పేరు పెట్టి పిలువు!” అని ఆమె భుజం పట్టి ఊపాను. ఆమె నోరు తెరిచింది, మళ్లీ మూసింది. “తాత పేరు కాదవ్వా, వాని పేరు!”

“రెండూ ఒకటే గద పిల్లా,” అంది, ఏడుపు గొంతుతో.

ఆ క్షణంలో ఆమె మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో ఎవరి మీదా రాలేదు. అప్పుడు ఆమె నెత్తి మీది కొంగు సరిచేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని అరిచింది.

“అంతోనీ!”

డప్పులు కొట్టేవాళ్లు చేతులు ఆపేశారు. ఆ పేరుగల మగవాళ్లు అటు నుంచీ ఇటు నుంచీ “ఆఁ” అన్నారు. తేరు చుట్టూ ఉన్నవాళ్లు ప్రార్థన మొదలైందనుకుని “మా కొరకు వేడుకొనండి” అని అందుకున్నారు. దీవించిన రొట్టెలు పంచే బల్ల కింద నుంచి, రెండు చేతుల్లో రెండు రొట్టెలతో నా కొడుకు పాక్కుంటూ బయటికొచ్చాడు. “అవ్వా, నువ్వు నా పేరు చెప్పినవ్!” అన్నాడు. వాణ్ణి వాటేసుకుని అవ్వ వైపు చూశాను. తిడదామనే చూశాను. ఆమె కొత్త పెళ్లికూతురిలా కొంగుతో నోరు మూసుకుని నేల చూస్తోంది.

మర్నాటి నుంచి మొదలైంది ఇంకో బాధ. పొద్దున లేస్తే అంతోనీ, అన్నం తింటే అంతోనీ, కళ్లద్దాలు పోతే అంతోనీ. ఏళ్లు గడిచినా అదే తీరు, నిన్న మధ్యాహ్నం కూడా వాకిట్లో కూర్చుని పిలుస్తూనే ఉంది. ప్రార్థన చెప్పి వెతకమంటుందేమోనని, “కండ్లద్దాలు నెత్తి మీదనే ఉన్నయవ్వా,” అన్నాను.

“నాకెరుకే.”

“మరి వాడు ట్యూషన్‌కు పోయిండు గదా, ఎందుకట్ల పిలుస్తవ్?”

అవ్వ నా వైపు తిరగను కూడా తిరగలేదు. “వాణ్ణెవలు పిలిచిన్రు?” అంది.

గడిచిన ఏళ్లు వెనక్కి రావు గానీ, ఆ ఏళ్లలో పిలవకుండా ఉండిపోయిన పిలుపులు మాత్రం వస్తాయేమో, ఇలా ఏ మధ్యాహ్నమో, నేను అన్నం వారుస్తున్నప్పుడే.