బండ తాగిందా, ఎద్దు తాగిందా

మోట బావి మీద రాతి స్తంభాలు ఎలా నిలబడతాయో నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది. అంత భయం ఉండేది కాదు.

మా అత్తగారి ఊరు తుక్కుగూడ దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. ఆ ఏడు బావి గట్టు మీది పాత దుంగలు పుచ్చిపోయాయి. వాటి చోట రెండు రాతి స్తంభాలు పాతాలన్నాడు మామ. నీళ్ళు నిండిన బొక్కెన బరువు, ఎద్దులు లాగే లాగుడు, అంతా ఆ రెంటి మీదే పడుతుంది. పైన మట్టి, దాని కింద మొరం వెడల్పుగా తవ్వేశారు. బండ తేలాక అందులోనే మోకాటి లోతు గుంటలు తొలిచారు.

"మొరం మీద ఆపితే ఏంది బాపూ?" అని మా ఆయన విసుక్కున్నాడు.

"మొరం ఇయ్యాల మోస్తది, వానకు నానితే జారుతది. బండల దిగితే కింద బండ మోస్తది, సుట్టూ బండ పట్టుకుంటది," అన్నాడు మామ.

కానీ బండలో పగులుంటే ఆ పట్టు ఉత్తదే. బరువు పడ్డనాడు పెచ్చు ఊడి, స్తంభం బావిలోకి పోతుంది. అందుకే తొలిచిన గుంటల నిండా సాయంత్రం నీళ్ళు పోసి, తాటాకు తడక కప్పి వస్తారు. తెల్లారి నీళ్ళు నిలిస్తే బండ గట్టిది. ఇంకిపోతే ఇంకో చోట తొలవాల్సిందే.

మేమూ అలాగే పోసి కప్పి, తెల్లారి అందరం పోయాం. ఒక గుంట నిండుగా ఉంది. రెండోది ఎండిపోయి ఉంది. దాని తడక పక్కకు పడి ఉంది. పలుపు తెంపుకున్న మా ఎద్దు అక్కడే నిలబడి నెమరేస్తోంది.

"ఎద్దే తాగింది," అంది అత్త, ఇంకెవరూ నోరు తెరవకముందే.

అడుగు దాకా దాని మూతి అందుతుందా? నాకు నమ్మకం కుదరలేదు. మామ మళ్ళీ పోసి చూద్దామన్నాడు. కానీ స్తంభాలు లేపడానికి వచ్చిన ఊరి మనుషులు అప్పటికే మోకులు పట్టుకుని నిలబడ్డారు. రేపటి నుంచి ఎవరి నాట్లు వాళ్ళవి. మా నారేమో పసుపెక్కుతోంది. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు. ఇక్కడ నారు పోసిందీ మేమే, నీరు పోయాల్సిందీ మేమే. మామ సరేనన్నాడు.

కొత్త కోడలు మామ ముందు నోరెత్తే రోజులు కావవి. మా ఆయన చెవిలో మాత్రం వేశాను. "నీ నీడ జూసినా నీకు బుగులే," అని నవ్వాడు. స్తంభాలు నిలిపి, చుట్టూ రాతి ముక్కలు, గచ్చు దట్టించారు.

గచ్చు ఆరి మోట నడిచినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. గిలక కిర్రుమంటే చాలు, చేతిలో పని వదిలి బావి వైపు చూసేదాన్ని. ఆ బావిలో పూడిక తియ్యాలనీ, మా ఆయనే దిగుతాడనీ విన్న రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

పీటను గిలక మీది మోకుకు కట్టి ఆయన్ని దించే వేళకు నేను గట్టు మీదికి పోయి, ఆ ఎండిన గుంటలో నిలిపిన స్తంభం మొదట్లో కూర్చుని వీపు ఆనించాను. నా వీపు ఏ బరువును ఆపుతుంది? తెలుసు. అయినా లేవలేదు. అత్త చద్ది గంప దించి నా వైపే వచ్చింది. సిగ్గులేదా అని తిడుతుందనుకున్నాను. ఆమె నా పక్కన కూర్చుని, తన వీపు కూడా ఆనించింది.

"ఎద్దు తాగిందన్నవు గదత్తా," అన్నాను.

"అన్న," అంది. "దాని మూతి తడి లేకుండె, బిడ్డా."

"ఇగ దించుండ్రి," అని మా ఆయన కేకేశాడు. మోకు బిగిసింది. అత్త నా చెయ్యి పట్టుకుంది, ఆయన తిరిగి గట్టెక్కేదాకా వదల్లేదు.