గాలి ఆడని చోట గట్టిపడే మందు

ఇంజన్ చప్పుడు విని దాని జబ్బు చెప్పగలడని నరసరావుపేటలో గులాం మొహిద్దీన్‌కి పేరు. పదమూడో ఏట రెంచీ పట్టినవాడు, 1986 నాటికి నలభై దాటాడు. అయినా కొత్త వస్తువు చేతికి దొరికితే అన్నం సంగతి గుర్తుండేది కాదు.

ఆ వేసవిలో శౌరి అంబాసిడర్ టాక్సీ ఆయన్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఆయిల్ ప్రెషర్ చూపే మీటరుకి ఇంజన్ నుంచి సన్నటి గొట్టం వెళుతుంది. దాన్ని ఇంజన్‌కి బిగించే ఇత్తడి ఫిటింగు మరల్లోంచి ఆయిల్ కారుతోంది. మొదట నూలుదారం చుట్టి, సఫేదా అనే తెల్ల ముద్ద పూశాడు. ఇంజన్ వేడికి అది పెళుసెక్కి రాలిపోయింది. తర్వాత నీళ్ళ పైపులకి వాడే తెల్ల టేపు చుట్టాడు. కారడం ఆగింది గానీ, రెండో రోజే శౌరి పరుగెత్తుకొచ్చాడు.

"భాయ్, ముప్పాళ్ళ దగ్గర మీటరు ముల్లు సున్నాకి పడిపోయింది! ఇంజన్ ఆపేసి, ట్రాక్టరుకి కట్టి లాక్కొచ్చా."

మొహిద్దీన్ గొట్టం విప్పి గట్టిగా ఊదాడు. తెల్లటి టేపు పోగొకటి బయటికొచ్చి పడింది. ఆయన కళ్ళు మెరిశాయి.

"దొరికిందిరా! ప్రెషర్ బాగానే ఉంది, ఈ పోగే దారి మూసింది. ఇదే బేరింగుల దారిలో పడుంటే నీ ఇంజన్ ఖతం. ఇక టేపొద్దు, దారమొద్దు."

తిన్నగా స్పేర్ పార్టుల కన్నయ్య కొట్టుకి వెళ్ళాడు. కన్నయ్య అరలోంచి చిన్న ఎర్ర సీసా తీశాడు.

"మద్రాసు సరుకు. మరలకి రాసి బిగించాలంట. ఎవరూ అడగలా."

"సగమే ఉందేంది శెట్టిగారూ? ఎవరన్నా వాడారా?"

"సీలు చూడవయ్యా, విప్పలేదు." కన్నయ్య కళ్ళజోడు సవరించుకుని సీసాతో వచ్చిన కాగితం చదివాడు. "గాలి తగిలినంతసేపూ నీళ్ళలాగే ఉంటదంట. మరల మధ్య గాలి ఆడనిచోట గట్టిపడుద్దంట. అందుకే సీసాలో గాలికి చోటు వదిలారు."

మొహిద్దీన్‌కి నమ్మకం కుదరలేదు, కాలూ నిలవలేదు. ఇంటికెళ్ళి భార్య అబిదా స్టీలు పళ్ళెంలో ఒక చుక్క వేశాడు. మరో చుక్క పాత ఇత్తడి ఫిటింగు మరలకి రాసి బిగించాడు. సాయంత్రం అసర్ నమాజు చేసి వచ్చి చూస్తే పళ్ళెంలో చుక్క తడిగానే ఉంది. ఫిటింగు మాత్రం చేత్తో తిప్పితే కదలలేదు. రెంచీ వేసి బలం పెడితే కిర్రుమంటూ వచ్చింది.

"అబిదా! ఇటు చూడు, ఇటు చూడు!"

"నా పళ్ళెం పాడుచేసి ఆ గంతులేంది?" అంటూనే ఆమె కూడా వంగి, చుక్కని వేలితో తాకబోయింది.

"తాకమాకే, మందది!"

మర్నాడు పొద్దున్నే శౌరి కారు ఫిటింగు మరలని పెట్రోలుతో కడిగి ఆరబెట్టాడు. మందు లోపలికి పోకుండా చివరి రెండు మరలు వదిలేసి, మిగతావాటికి రాసి బిగించాడు. మధ్యాహ్నం దాకా శౌరిని తాళంచెవి ముట్టనివ్వలేదు. ఆ తర్వాత కింద న్యూసుపేపరు పరిచి, "స్టార్టు కొట్టరా!" అన్నాడు.

ముల్లు టక్కున అరవైకి లేచింది. పావుగంట గడిచినా పేపరు మీద మరక లేదు. మొహిద్దీన్ చేతులైనా తుడుచుకోకుండా ముందు సీట్లోకి ఎక్కాడు. వినుకొండ దాకా ఎర్రటి ఎండలో ఆగకుండా పోయారు. అక్కడ బానెట్ ఎత్తి ఫిటింగు చుట్టూ వేలు తిప్పాడు. పొడిగా ఉంది.

"ఇక తిరుగుదామా భాయ్?" అన్నాడు శౌరి.

"తిరిగేదేంది? ఈపూరు దాకా పోనీ!"